ఎలర్జీ మాత్ర రోజూ వేసుకోవచ్చా? ముందు షీటు వెనక్కి తిప్పి చూడండి

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. కరీంనగర్ దగ్గర బడిలో పాఠాలు చెబుతారు, వయసు 38. పొద్దున లేవగానే తుమ్ములు, ముక్కు కారడం నాలుగేళ్లుగా ఉంది. నిరుడు వానాకాలం నుంచి ఒంటిమీద దద్దుర్లు కూడా మొదలయ్యాయి. డాక్టరు పది రోజులకని రాసిన ఎలర్జీ మాత్రను ఆ తర్వాత షాపులో మీరే కొనుక్కుంటూ రోజూ రాత్రి వేసుకుంటున్నారు. ఆపితే రెండో రోజుకే ఒళ్లంతా దురద. "ఒంటికి అలవాటైపోతుంది, కిడ్నీలు పోతాయి" అని మీ అత్తగారు అంటున్నారు, ఆవిడ మాత్రం దురదకు అవిల్ అనే పాత రకం ఎలర్జీ మాత్ర వేసుకుంటారు. డల్లాస్ నుంచి వచ్చిన మీ తమ్ముడు 365 మాత్రల డబ్బా ఇచ్చి వెళ్లాడు. ఎన్నాళ్లు వాడొచ్చు, ప్రమాదమా అని అడిగారు. చివర్లో ఒక్క ముక్కగా, ఈ మధ్య నిద్ర చెడిందనీ పీడకలలు వస్తున్నాయనీ రాసి వదిలేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. ఆసుపత్రి మందుల విభాగంలోనూ బయట షాపులోనూ కలిపి ఎన్నో ఏళ్లుగా ఈ కౌంటరు వెనకే నిలబడ్డాను. "రోజూ ఎలర్జీ మాత్ర వాడొచ్చా" అని అడిగినవాళ్లకి నేను వేసే మొదటి ప్రశ్న ఒకటే: ఏ మాత్ర? ఎలర్జీ మాత్ర అనే పేరుతో మన షాపుల్లో నడిచేవి ఒకే మందు కావు. ఏళ్ల తరబడి నిశ్చింతగా వాడదగ్గవి వాటిలో ఉన్నాయి, ముసలివాళ్లకి వీలైనంత వరకు ఇవ్వకూడనివీ ఉన్నాయి. పేరు ఎల్ అనే అక్షరంతో మొదలవుతుందని, తెల్లగా చిన్నగా ఉంటుందని చెబితే చాలదు. షీటు వెనక్కి తిప్పండి. కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు, ఎన్ని ఎంజీలో ఉంటాయి. షాపువాడు రెండు మాత్రలకో మూడు మాత్రలకో కత్తిరించి ఇచ్చాడంటే ఆ పేరు సగం తెగిపోయి ఉంటుంది, గడువు తేదీ అవతలి ముక్కలో ఉండిపోతుంది. రోజూ వాడే మందుకి మొత్తం షీటే కొనండి.

మీరు పంపిన పేరు ప్రకారం మీ మాత్రలో రెండు మందులున్నాయి. ఒకటి లెవోసెట్రిజిన్ 5 ఎంజీ, రెండోది మాంటెలుకాస్ట్ 10 ఎంజీ. మన దగ్గర పేరు చివర "ఎల్‌సి" అని ఉండే మాత్రలన్నీ దాదాపు ఈ జంటే. తుమ్ములకి, దురదకి పనిచేసేది మొదటిది. రెండోది ఉబ్బసం వాళ్లకి ఎక్కువగా రాసే మందు, ముక్కు ఎలర్జీకి కూడా కొంత పనికొస్తుంది. ఈ మాంటెలుకాస్ట్ మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చిలో తన దగ్గరున్న అతి గట్టి హెచ్చరికను వేయించింది. నిద్ర పట్టకపోవడం, పీడకలలు, చిరాకు, దిగులు, కొందరిలో ఆత్మహత్య ఆలోచనల దాకా రావచ్చనీ, మామూలు ముక్కు ఎలర్జీకి మిగతా మందులు పనిచేయకపోతేనే దీని జోలికి వెళ్లాలనీ ఆ హెచ్చరిక సారాంశం. అందరికీ ఇలా అవుతుందని కాదు. కానీ మీకు పీడకలలు వస్తున్నాయి, మీరు వాడుతున్న మాత్రలో ఆ మందు ఉంది. బడి పనుల ఒత్తిడి అనుకుని వదిలేయకండి. మీకు ఉబ్బసం లేదని రాశారు కాబట్టి, ఈ వారంలోనే డాక్టరుకి ఈ సంగతి చెప్పి, మాంటెలుకాస్ట్ లేని మాత్రకు మార్చమని అడగండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదివి సొంతంగా ఆపేయొద్దు, వాళ్ల లెక్క వేరు. దిగులు మరీ ఎక్కువైనా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన తోచినా మాత్రం వారం ఆగకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి.

ఇక లెవోసెట్రిజిన్ సంగతి. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ ఇవన్నీ కొత్త తరం యాంటీహిస్టమిన్లు. ఒంటికి పడని ధూళో పుప్పొడో తగిలినప్పుడు ఒంట్లోని కొన్ని కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది ముక్కులోనూ చర్మంలోనూ ఉన్న గ్రాహకాలకి అతుక్కుంటేనే తుమ్ము, దురద, దద్దురు. ఈ మాత్ర చేసే పనల్లా బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు ఆ గ్రాహకాలను ముందే ఆక్రమించడం. హిస్టమిన్ వచ్చేసరికి దానికి చోటుండదు. అందుకే దద్దుర్లు లేచాక వేసుకున్న మాత్ర కంటే, లేవకముందే వేళకి వేసుకున్న మాత్ర బాగా పనిచేస్తుంది. దీర్ఘకాలపు దద్దుర్లకి డాక్టర్లు "వచ్చినప్పుడు వేసుకో" అనకుండా "రోజూ వేసుకో" అనడం వెనక ఉన్న కారణం ఇదే. తుమ్ములు ఏడాదిలో ఒకటి రెండు నెలలే ఉండేవాళ్లయితే ఆ నెలల్లో రోజూ వేసుకుని తర్వాత మానేస్తే సరిపోతుంది.

ఒంటికి అలవాటైపోయి పనిచేయడం మానేస్తుందా? కొత్త తరం మాత్రల విషయంలో నెలల తరబడి వాడినా ఆ గుణం తగ్గిపోవడం కనిపించలేదు. "ఇదివరకు ఒకటి చాలేది, ఇప్పుడు చాలట్లేదు" అనేవాళ్లలో చాలామందికి జబ్బే పెరిగి ఉంటుంది, లేదా ఇంటి పక్కన కొత్తగా ఏదో కట్టడం మొదలై ఉంటుంది. మరి కిడ్నీలు? ఈ మాత్ర మంచి కిడ్నీలను పాడు చేయదు. కానీ సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ రెండూ ఒంట్లోంచి బయటకు పోయేది చాలా వరకు మూత్రంలోనే. అందుకని కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లలో మందు పేరుకుని విపరీతమైన మత్తు వస్తుంది. వాళ్లకి మోతాదు తగ్గించాలి, జబ్బు బాగా ముదిరితే లెవోసెట్రిజిన్ అసలు ఇవ్వరు. మీ అత్తగారు విన్న మాట బహుశా ఇక్కడి నుంచి తిరిగి తిరిగి వచ్చి ఉంటుంది. మీకు షుగరు గానీ బీపీ గానీ ఉంటే ఏడాదికోసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి, అది ఎలాగూ చూపించుకోవాల్సిందే.

ఈ భయం పుట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గరికి దద్దుర్లతో వెళ్తే అవిల్‌తో పాటు డెక్సా ఇంజక్షను పడుతుంది. ఆ డెక్సా స్టెరాయిడ్. గంటల్లో ఒళ్లు తేలికవుతుంది, అందుకే జనానికి దాని మీద గురి. అదే స్టెరాయిడ్‌ని మాత్రల రూపంలో నెలల తరబడి మింగితే షుగరు పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, ఎముకలు బోలు పడతాయి. ఎలర్జీ మాత్రలకు వచ్చిన చెడ్డపేరులో సగం ఈ స్టెరాయిడ్లదే. సెట్రిజిన్ స్టెరాయిడ్ కాదు. మీకు ఎవరైనా కాగితంలో చుట్టి పేరు లేని మాత్రలు ఇస్తే మాత్రం పుచ్చుకోకండి.

ఆపితే రెండో రోజుకి దురద అన్నారు. ఇది మీ ఊహ కాదు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్‌లను నెలలు, ఏళ్లు రోజూ వాడి ఒక్కసారిగా ఆపినవాళ్లలో కొద్దిమందికి ఒళ్లంతా తీవ్రమైన దురద వస్తోందని ఎఫ్‌డీఏ 2025 మేలో ప్రకటించింది. 2017 నుంచి 2023 వరకు ప్రపంచవ్యాప్తంగా 209 కేసులు వాళ్ల లెక్కకు వచ్చాయి. కోట్లమంది వాడే మందులో ఇది అరుదే. కాకపోతే ఇది తెలియక, "ఆపలేకపోతున్నాను, నాకు మాత్ర వ్యసనమైంది" అని బెంగపడేవాళ్లున్నారు. ఇందులో వ్యసనం ఏమీ లేదు.

మీ విషయంలో తేల్చుకోవాల్సింది, ఆపినప్పుడు వచ్చేది ఉత్త దురదా, దద్దుర్లతో కూడిన దురదా అన్నది. ఎర్రగా ఉబ్బిన దద్దుర్లు లేస్తుంటే మీ పాత జబ్బు ఇంకా లోపలే ఉందని అర్థం, మాత్ర దాన్ని అణిచి ఉంచుతోంది. చర్మం మీద ఏమీ లేకుండా ఒళ్లంతా గోకుడు మొదలైతే అది మాత్ర ఆపినందువల్ల కావచ్చు. అలాంటి వాళ్లలో ఎక్కువమందికి మాత్ర తిరిగి మొదలుపెడితే దురద పోయింది, ఆ తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి మానగలిగినవాళ్లూ కొందరున్నారు. ఎంత మెల్లగా అన్నది డాక్టరుతో కూర్చుని అనుకోండి. ఈ వేసవి సెలవుల్లో చటుక్కున ఆపి చూద్దామని మాత్రం అనుకోవద్దు.

దద్దుర్ల గురించి ఇంకాస్త చెప్పాలి. ఆరు వారాలు దాటి వస్తూనే ఉంటే దాన్ని దీర్ఘకాలపు దద్దుర్లు అంటారు, మీది అదే. చాలామందిలో కారణం దొరకదు, కొన్నేళ్లకి దానంతట అదే తగ్గుతుంది. అంతవరకు అణిచి ఉంచడమే వైద్యం. మనవాళ్లు వెంటనే చేసే పని వంకాయ, గోంగూర, గుడ్డు, చేప అన్నీ మాన్పించడం. ఫలానా కూర తిన్న గంట రెండు గంటల్లో ప్రతిసారీ వస్తోందంటే ఆ ఒక్కటీ మానండి. లేకపోతే నోరు కట్టేసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. వందల రకాల పదార్థాలకి చేసే ఖరీదైన రక్తపరీక్షలూ ఈ జబ్బులో పెద్దగా దారి చూపవు. మామూలు రక్తపరీక్ష, అవసరమనిపిస్తే థైరాయిడ్ పరీక్ష, అంతే. తిండికంటే ముందు మీరు చూసుకోవాల్సింది నొప్పి మాత్రలను. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఈ జబ్బున్న కొందరిలో దద్దుర్లను రెచ్చగొడతాయి. తలనొప్పికో నడుం నొప్పికో మాత్ర వేసుకున్న రోజున దద్దుర్లు ఎక్కువయ్యాయేమో గుర్తు చేసుకోండి. చాలామందికి పారాసిటమాల్‌తో ఆ ఇబ్బంది ఉండదు.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. కొత్తగా లేచిన దద్దురు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీయండి, ఫోనులో ఫొటో తీయండి. మర్నాడు అదే వేళకి చూడండి. మామూలు దద్దురైతే 24 గంటల్లోపే ఆ గీత లోపల చర్మం నున్నగా అయిపోతుంది, ఇంకోచోట లేచినా సరే. గీత లోపల ఉబ్బు అలాగే ఉండిపోయినా, దురదకంటే నొప్పి మంట ఎక్కువున్నా, తగ్గాక కమిలిన మచ్చ మిగిలినా అది వేరే జబ్బు కావచ్చు. చర్మవైద్యులకు చూపించి తీరాలి. డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజున దద్దుర్లు ఉండవు, అది అందరి అనుభవం, కాబట్టి ఆ ఫొటోలు దాచండి.

రోజుకొక మాత్రతో దద్దుర్లు అదుపు కాకపోతే చర్మవైద్యులు అదే మాత్రను రెండు, అవసరమైతే నాలుగు రెట్ల దాకా పెంచుతారు. అంతర్జాతీయ మార్గదర్శకాలు దీన్ని ఒప్పుకుంటాయి. దానికీ లొంగకపోతే ఒమలిజుమాబ్ అనే ఇంజక్షన్ ఉంది, అది ఖరీదైన వ్యవహారం. ఇలా మోతాదు పెంచడం డాక్టరు చేతి పని, అదీ దద్దుర్లకే. తుమ్ములు తగ్గలేదని సొంతంగా రెండో మాత్ర మింగితే తుమ్ములు తగ్గవు, నిద్ర మాత్రం ముంచుకొస్తుంది.

ముక్కు విషయంలో నా మాట కాస్త ఘాటుగా ఉంటుంది. నాలుగేళ్లుగా ముక్కుతో బాధపడుతున్న మనిషికి మాత్రలే తప్ప ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే గురించి ఎవరూ చెప్పకపోవడం మన దగ్గర మామూలైపోయింది. ముఖ్యంగా ముక్కు దిబ్బడకి మాత్రల కంటే ఫ్లూటికసోన్, మొమెటసోన్ లాంటి స్ప్రేలే మెరుగు. స్టెరాయిడ్ అనగానే హడలిపోకండి, ఇందులో మందు చాలా కొద్ది, రక్తంలోకి వెళ్లేది ఇంకా తక్కువ. రోజూ కొట్టుకుంటూ పోతే పూర్తి గుణం కనిపించడానికి వారం రెండు వారాలు పడుతుంది, రెండు రోజులు వాడి పారేస్తే ఏం లాభం. తల కొద్దిగా ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో పెట్టి, మొన బయటి వైపుకి, అంటే ఆ వైపు చెవి దిక్కుకి చూసేలా కొట్టండి. నడిమి గోడకేసి కొడితే అక్కడ పుండై రక్తం వస్తుంది. గట్టిగా ఎగపీల్చకండి, గొంతులోకి జారిపోతుంది. షాపులో దొరికే ముక్కు చుక్కలు, అదే క్షణంలో ముక్కు తెరిచేవి, ఇవి కావు. ఆ చుక్కలు నాలుగైదు రోజులకు మించి వాడితే ముక్కు వాటికే బిగుసుకుపోతుంది. అసలు వ్యసనం ఎక్కడైనా ఉందంటే అది ఆ చుక్కల్లోనే.

పొద్దున్నే తుమ్ములంటే ముందు అనుమానించాల్సింది పరుపులో ఉండే ధూళి పురుగుల్ని. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడి నీళ్లలో ఉతకండి. పొడి చీపురుకి బదులు తడిబట్ట. సంక్రాంతి ముందు బూజు దులిపే పని ఇంకెవరికైనా అప్పజెప్పండి, కుదరకపోతే మాస్కు కట్టుకోండి. వానలు పడ్డాక బడి ఆవరణలో వయ్యారిభామ తెల్లగా పూస్తుంది చూడండి, దాని పుప్పొడి ముక్కుకీ, ఆకు తగిలితే చర్మానికీ పడదు. శ్రమదానం పేరుతో పిల్లల చేత ఉత్త చేతులతో పీకించకండి.

ఏ వేళకి వేసుకోవాలన్నారు. లెవోసెట్రిజిన్ రాత్రి మంచిదే, కొందరికి మత్తు ఇస్తుంది. మీరు పొద్దున్నే స్కూటీ మీద బడికి వెళ్తారు కాబట్టి, ఉదయం మబ్బుగా ఉంటోందా అని నిజాయితీగా గమనించుకోండి. ఉంటే ఫెక్సోఫెనడిన్‌కు మార్చమని అడగొచ్చు, ఈ గుంపులో మత్తు అతి తక్కువ ఉన్నవాటిలో అదొకటి. ముక్కుకైతే సాధారణంగా 120 ఎంజీ, దద్దుర్లకి 180. దాన్ని మంచినీళ్లతోనే మింగాలి. నారింజ, యాపిల్, పంపర పనస రసాలతో వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది, గ్యాసుకి తాగే అల్యూమినియం, మెగ్నీషియం మందులకీ దానికీ రెండు గంటల ఎడం కావాలి. బిలాస్టిన్ అయితే పరగడుపున, తిండికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత. ఒక పూట మర్చిపోతే మరుసటి పూట రెండు వేసుకోకూడదు. ఈ మాత్రల్లో ఏదైనా సరే, మద్యం తోడైతే మత్తు పెరగొచ్చు, నిద్రమాత్రలతోనూ అంతే. గర్భం అనుకుంటున్నా, పిల్లలకి పాలిస్తున్నా ముందే చెప్పండి. లోరటడిన్, సెట్రిజిన్ వైపు డాక్టర్లు మొగ్గుతారు. చర్మం మీద సూదితో గుచ్చి చేసే ఎలర్జీ పరీక్షకి వెళ్తే వారం ముందు నుంచి ఈ మాత్రలు ఆపాలి, లేకపోతే పరీక్షలో ఏమీ తేలదు. మీరు ఆపితే దురద వస్తుంది కాబట్టి పరీక్ష చేసేవాళ్లకి ముందే ఆ సంగతి చెప్పాలి.

జలుబు చేసినప్పుడు మీరు చేసే పని ఒకటుంటుంది, షాపుకెళ్లి జలుబు మాత్ర తెచ్చుకుంటారు. దాంట్లో పారాసిటమాల్‌తో పాటు సెట్రిజినో క్లోర్‌ఫెనిరమినో కలిపే ఉంటుంది. రాత్రి మీ మాత్ర, పగలు జలుబు మాత్ర, ఒకే రకం మందు రెండు దారుల్లో పోతుంది. పిల్లల విషయంలో ఇది మరీ చూసుకోవాలి. ఆకలి పుట్టడానికని ఇచ్చే సైప్రోహెప్టడిన్ సిరప్ కూడా పాత యాంటీహిస్టమినే, దానికి తోడు జలుబు సిరప్ పోస్తే బిడ్డ తూలుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌ను నాలుగేళ్లలోపు పిల్లలకి ఇవ్వొద్దని మన కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023లోనే చెప్పారు.

ఇప్పుడు మీ అత్తగారు. అమ్మా, ఈ ఉత్తరంలో నాకు మీకంటే ఆవిడ గురించే ఎక్కువ ఆందోళన. అవిల్, ఎటరాక్స్, ఫెనర్గాన్, క్లోర్‌ఫెనిరమిన్ ఇవన్నీ పాత తరం. మెదడులోకి నేరుగా వెళ్తాయి, మత్తు మర్నాటికీ పూర్తిగా దిగదు. 65 దాటినవాళ్లలో మతిమరుపు, తత్తరపాటు, రాత్రి బాత్రూంకి లేచి పడిపోవడం, మలబద్ధకం, నోరెండిపోవడం. మగవాళ్లకి ప్రోస్టేట్ వాపు ఉంటే మూత్రం బిగుసుకుపోయి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. కంట్లో నీటికాసుల జబ్బు (గ్లాకోమా) ఉంటే అదీ ముదరొచ్చు. అమెరికాలో వృద్ధులకు వైద్యం చేసే నిపుణుల సంఘం ముసలివాళ్లకి ఇవ్వకుండా ఉంటే మంచిదని చేసిన జాబితాలో ఈ పాత మాత్రలున్నాయి. "నలభై ఏళ్లుగా వేసుకుంటున్నాను, నాకేం కాలేదు" అంటారు, నిజమే, అప్పుడు ఆవిడ వయసు వేరు. ఆవిడ కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసి కొత్త తరం మాత్రకు మార్చమని డాక్టర్ని అడగండి. ఇంకో సంగతి, ఆవిడ బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి వాడుతుంటే, ఎప్పుడైనా పెదవులు, నాలుక ఉబ్బాయంటే అది ఆ బీపీ మాత్ర వల్ల కావచ్చు. దానికి ఏ ఎలర్జీ మాత్రా పనిచేయదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అలాగే మీకైనా ఇంకెవరికైనా తిండి తిన్నాకో, తేనెటీగ కుట్టాకో, ఇంజక్షను చేశాకో దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, ఆయాసం, కళ్లు తిరగడం, వాంతులు మొదలైతే సెట్రిజిన్ వేసి చూద్దామని కూర్చోకూడదు. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షనే. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టి, ఆయాసం ఉంటే కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేయండి.

చివరిగా మీ తమ్ముడిచ్చిన డబ్బా. పేరు ఏదైనా దాని మీద సెట్రిజిన్ 10 ఎంజీ అని ఉందన్నారు కదా. ఇక్కడ ఒక రూపాయికో రెండు రూపాయలకో దొరికే సెట్రిజిన్‌కీ దానికీ మందులో తేడా లేదు. మీ లెవోసెట్రిజిన్ 5 ఎంజీ కూడా సెట్రిజిన్ 10 ఎంజీలో పనిచేసే సగమే, కాబట్టి రెండూ కలిపి వేసుకుంటే రెట్టింపు మోతాదు అవుతుంది. డాక్టరు మాంటెలుకాస్ట్ ఆపమంటే ఆ డబ్బాలోవి రోజుకొకటి వాడుకోవచ్చేమో ఆయన్నే అడగండి, కొత్తవి కొనే పని ఉండదు. అయితే పేరు పక్కన "డి" అనే అక్షరం ఉందేమో చూడండి. ఉంటే దానిలో ముక్కు దిబ్బడకి కలిపే సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, అది బీపీని, గుండెదడను పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. ఆ రకం అయితే మీకూ వద్దు, బీపీ ఉన్న మీ అత్తగారికి అసలే వద్దు, తమ్ముడికే తిరిగి ఇచ్చేయండి.